పాఠం ఎనిమిదిలో, ప్రశ్న ఐదులో



గత టర్మ్ పేరెంట్స్ మీటింగ్ రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. మార్కుల షీట్లు సర్దుకుంటున్నాను. క్లాసులో ఒక అమ్మ మాత్రం వెనక బెంచీలో కూర్చునే ఉన్నారు. అందరూ వెళ్లేదాకా ఆగి, దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"మేడమ్, మా పాప పెద్దమనిషి అయింది. ఐదో తరగతికే ఏంటి మేడమ్ ఇలా? తిండిలో మేమేమైనా తప్పు చేశామా?"

ఆ పాప అప్పటికి పదకొండు రోజులుగా స్కూలుకి రావడం లేదు. నాకు తెలిసిన కారణం వైరల్ ఫీవర్. నేను కూడా నమ్మి, 'టేక్ కేర్' అని మెసేజ్ పెట్టి, హోంవర్క్ ఫొటోలు తీసి పంపించాను. ఆ పదకొండు రోజుల్లోనే మా ఖోఖో టీమ్ సెలక్షన్లు అయిపోయాయి. క్లాసులో అందరికన్నా వేగంగా పరిగెత్తే పిల్ల ఆ లిస్టులో లేదు.

ఆ అమ్మకి నేనేం చెప్పానో తెలుసా? "ఈ రోజుల్లో చాలామందికి ఇలాగే అవుతోందమ్మా, ఏం కంగారు పడకండి." అంతే. ఈ మాట చెప్పడానికి టీచర్ అక్కర్లేదు, పక్కింటి పిన్నిగారు చాలు. నేను డిగ్రీలో బీజెడ్‌సీ చదివాను, బీఈడీ చేశాను, నాలుగేళ్లుగా ఇంగ్లిష్ మీడియంలో సైన్స్ చెబుతున్నాను. ఒక తల్లి నేరుగా సైన్స్ ప్రశ్న అడిగితే ఓదార్పు ఇచ్చి పంపించాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి పాత పుస్తకాలు తీశాను. తర్వాత కొన్ని వారాలు చదివాను. ఈ నెల పేజీలో ఆ అమ్మకి ఇవ్వాల్సిన జవాబు రాస్తున్నాను. జవాబుతో పాటు మన స్కూలుకీ, మీకూ ఒక అభ్యర్థన కూడా ఉంది. పెద్దమనిషి అనే మాట వినగానే పేజీ తిప్పేయకండి. మగపిల్లల తల్లిదండ్రులు అసలు తిప్పొద్దు.

మెదడులో ఒక చిన్న గుంపు

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని లెక్క. అందులో పిల్లలు పెద్దవాళ్లయ్యే పనిని మొదలుపెట్టే నాడీకణాలు ఎన్నో ఊహించండి. కొన్ని వేలకు మించవు. మన గ్రూపు స్కూళ్లన్నిటిలో ఉన్న పిల్లలు ఇంకా ఎక్కువే ఉంటారేమో.

ఈ కణాలు మెదడు అడుగున హైపోథాలమస్ అనే చోట ఉంటాయి. ఇవి మామూలు నాడీకణాల్లా సంకేతం పంపి ఊరుకోవు, హార్మోన్ కూడా తయారు చేస్తాయి. ఆ హార్మోన్ పేరు జీఎన్‌ఆర్‌హెచ్. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అది కొద్దికొద్దిగా విడుదలై, పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తుంది. పిట్యూటరీ రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి ఆడపిల్లల్లో అండాశయాలను, మగపిల్లల్లో వృషణాలను మేల్కొలుపుతాయి. గొంతు మారడం, మీసం రావడం, ఛాతీ పెరగడం, నెలసరి, మొటిమలు, ఒక్కసారిగా పొడవు పెరగడం, వీటన్నిటి వెనకా ఆ కొన్ని వేల కణాలే ఉన్నాయి.

ఈ పది అమైనో ఆమ్లాల వరస కనుక్కోవడానికి ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి పోటీ పడ్డారు. ఒకరు పందుల మెదళ్లు, ఇంకొకరు గొర్రెల మెదళ్లు లక్షల్లో సేకరించారు. అన్ని మెదళ్ల నుంచి చేతికి వచ్చిన హార్మోన్ మిల్లీగ్రాముల లెక్కలోనే. 1971లో వరస తేలింది, 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంత చిన్న మోతాదు మీద మన పిల్లల ఎదుగుదల ఆధారపడి ఉందని గుర్తు పెట్టుకోండి.

ముక్కు దగ్గర పుట్టిన కణాలు

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఈ విషయం. ఈ కణాలు మెదడులో పుట్టవు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, మొదటి మూడు నెలల్లోనే, ముక్కు తయారయ్యే చోట పుడతాయి. అక్కడి నుంచి వాసన నరాల వెంట నడుచుకుంటూ మెదడులోకి చేరి హైపోథాలమస్‌లో స్థిరపడతాయి.

అవి పుట్టడానికి, బతకడానికి, దారి తప్పకుండా చేరడానికి సాయం చేసే ప్రోటీన్లను గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు, అంటే పెరుగుదల కారకాలు. ఒక కణం వీటిని బయటికి వదులుతుంది. ఇంకో కణం పైన వాటిని పట్టుకునే రిసెప్టర్ ఉంటుంది. తాళంచెవి తాళంలో పడ్డట్టు పడితే, ఆ రెండో కణానికి పెరగమనో, విడిపొమ్మనో, కదలమనో కబురు అందుతుంది.

ఈ ప్రయాణంలో ఎఫ్‌జీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ కుటుంబం చాలా ముఖ్యం. ఆ కబురు అందుకునే జన్యువులో లోపం ఉంటే ఈ నాడీకణాలు సరిగా ఏర్పడవు, చేరాల్సిన చోటికి చేరవు. అలాంటి పిల్లలకు 15, 16 ఏళ్లు వచ్చినా యుక్తవయసు మార్పులు కనిపించవు. చాలామందికి వాసన కూడా తెలియదు, ఎందుకంటే రెండిటి దారీ ఒకటే. దీన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు. అరుదైనదే, కానీ చికిత్స ఉంది. "మా అబ్బాయికి ఇంకా గొంతు మారలేదు, క్లాసులో అందరూ ఏడిపిస్తున్నారు" అని ఎవరైనా పేరెంట్ చెబితే, "కొంచెం లేటు లెండి" అని నేను ఇదివరకు సులువుగా అనేసేదాన్ని. ఎక్కువమంది విషయంలో అది నిజంగా లేటే, ఇంట్లో నాన్నకో మావయ్యకో కూడా అలాగే అయి ఉంటుంది. కానీ ఆ మాట చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు.

పక్కనున్నవాళ్లు కదిలిస్తేనే

పుట్టిన తర్వాత మొదటి కొన్ని నెలలు ఈ నాడీకణాలు చురుగ్గానే ఉంటాయి. తర్వాత మౌనంగా అయిపోతాయి. ఏడెనిమిదేళ్ల పాటు అవి లేనట్టే ఉంటుంది. మరి మళ్లీ ఎవరు లేపుతారు? పాఠ్యపుస్తకంలో మేము ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. 'యుక్తవయసు రాగానే హార్మోన్లు విడుదలవుతాయి' అని రాయించి, కింద గీత గీయించి, ముందుకు వెళ్లిపోతాం.

అమెరికాలోని ఒరెగాన్ ప్రైమేట్ పరిశోధన కేంద్రంలో సెర్జియో ఓజెడా బృందం ఈ ప్రశ్న మీదే ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు చూపించినదేంటంటే, నాడీకణాల పక్కనే ఆస్ట్రోసైట్లు అనే కణాలు ఉంటాయి. నక్షత్రం ఆకారంలో ఉంటాయి కాబట్టి ఆ పేరు. చాలాకాలం వీటిని నాడీకణాలకు ఆధారంగా నిలబడే కణాలుగానే చూశారు. కానీ యుక్తవయసు దగ్గరపడే సమయంలో హైపోథాలమస్‌లోని ఆస్ట్రోసైట్లు టీజీఎఫ్-ఆల్ఫా, న్యూరెగ్యులిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్లను ఎక్కువగా తయారు చేస్తాయి. చిత్రం ఏంటంటే ఆ కబురు నేరుగా నాడీకణానికి వెళ్లదు. ముందు ఆస్ట్రోసైట్లే అందుకుంటాయి. అందుకుని ప్రోస్టాగ్లాండిన్ అనే ఇంకో రసాయనాన్ని వదులుతాయి. అప్పుడు నాడీకణం జీఎన్‌ఆర్‌హెచ్ వదులుతుంది.

ఎలుకల మీద దీన్ని రెండు వైపుల నుంచీ పరీక్షించారు. ఆ గ్రోత్ ఫ్యాక్టర్ వదిలే కణాలను హైపోథాలమస్‌లో పెడితే ఎలుకలకు యుక్తవయసు ముందే వచ్చింది. ఆ కబురు అందకుండా అడ్డుకుంటే ఆలస్యమైంది.

ఇది ఒక్కటే దారి కాదు. కిస్‌పెప్టిన్ అనే ఇంకో సంకేతం ఉంది. దాన్ని అందుకునే జన్యువు పనిచేయకపోతే మనుషుల్లో యుక్తవయసే మొదలుకాదని 2003లో రెండు వేర్వేరు బృందాలు తేల్చాయి. ఆపి ఉంచే సంకేతాలూ ఉన్నాయి. యుక్తవయసు అంటే ఒక స్విచ్ నొక్కడం కాదు. ఉమ్మడి కుటుంబంలో పెళ్లి ముహూర్తం పెట్టినట్టు, అందరి మాటా కలవాలి.

కాలేయం నుంచి వచ్చే కబురు

శరీరం సిద్ధంగా ఉందో లేదో మెదడుకు ఎలా తెలుస్తుంది? అందులో ఒక కబురు ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్. గ్రోత్ హార్మోన్ చెప్పినప్పుడు దీన్ని ఎక్కువగా కాలేయం తయారు చేస్తుంది. ఎముకలు పెరగడానికి ఇదే ముఖ్యం. పిల్లవాడికి సరైన తిండి, ముఖ్యంగా ప్రోటీన్ అందకపోతే దీని మోతాదు పడిపోతుంది. అందితే పెరుగుతుంది. ఇది హైపోథాలమస్‌కు కూడా చేరి ఆ నాడీకణాల పనిని ప్రభావితం చేస్తుంది. ఆడ ఎలుకపిల్లల మెదడులోకి కొంచెం ఐజీఎఫ్-1 పంపితే యుక్తవయసు ముందుకు జరిగింది. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ కూడా ఇలాగే 'నిల్వలు ఉన్నాయి' అని చెబుతుంది.

ఇప్పుడు ఆ అమ్మ అడిగిన ప్రశ్నకు వద్దాం. తిండిలో తప్పు చేశారా? లేదమ్మా. యుక్తవయసు ఎప్పుడు వస్తుందనేది సగానికి పైగా వంశాన్ని బట్టే ఉంటుంది. మన అమ్మమ్మల కాలంతో పోలిస్తే పిల్లలకు తిండి మెరుగైంది, చిన్ననాటి జబ్బులు తగ్గాయి, అందువల్ల కూడా వయసు కొంత ముందుకు జరిగింది. అది చెడ్డ వార్త కాదు. ఒంట్లో కొవ్వు బాగా ఎక్కువగా ఉన్న ఆడపిల్లల్లో ఇంకొంచెం ముందు రావడం చాలా దేశాల్లో కనిపించింది. అందుకే ఆటలు, ఇంటి తిండి, తక్కువ చిప్స్ అని మేము నస పెట్టేది. బాయిలర్ కోడి వల్లే, ప్యాకెట్ పాల వల్లే అని వాట్సాప్‌లో తిరిగే మాటల మీద ఒక తల్లి తనను తాను నిందించుకోవడం న్యాయం కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. 'గ్రోత్' అని డబ్బా మీద రాసి ఉన్నంత మాత్రాన ఆ పొడిలో ఈ గ్రోత్ ఫ్యాక్టర్లు ఉండవు. ఉన్నా అవి ప్రోటీన్లు, పొట్టలో మిగతా ప్రోటీన్లలాగే అరిగిపోతాయి. పప్పు, గుడ్డు, పెరుగు, వేరుశనగ ఉండలు ఇస్తే కాలేయం తన పని తనే చేసుకుంటుంది.

ముందే తెరుచుకున్న కళ్లు

గ్రోత్ ఫ్యాక్టర్ల గురించి చదువుతుంటే నాకు బాగా గుర్తుండిపోయిన కథ ఒకటి ఉంది. రీటా లెవీ మోంటాల్చినీ ఇటలీలో యూదు కుటుంబంలో పుట్టిన శాస్త్రవేత్త. ముస్సోలినీ ప్రభుత్వం యూదులను యూనివర్సిటీల నుంచి వెళ్లగొడితే, యుద్ధం రోజుల్లో తన పడకగదినే ల్యాబ్ చేసుకుని, కోడిగుడ్లలోని పిండాల మీద పరిశోధన చేసింది. తర్వాత అమెరికా వెళ్లి, నరాలను పెంచే మొదటి గ్రోత్ ఫ్యాక్టర్‌ను కనుక్కుంది. ఆమెతో పనిచేసిన స్టాన్లీ కోహెన్ ఒక వింత గమనించాడు. ఒక గ్రంథి నుంచి తీసిన పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఇస్తే, రెండు వారాలకు తెరుచుకోవాల్సిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. అలా ఈజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ బయటపడింది. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

పైన చెప్పిన టీజీఎఫ్-ఆల్ఫాకీ ఈ ఈజీఎఫ్‌కీ చుట్టరికం ఉంది. రెండూ ఒకే తాళంలో పడే తాళంచెవులు. కళ్లు ముందే తెరిపించిన కుటుంబంలోదే, యుక్తవయసును కదిలించేది కూడా.

వారం ముందు కళ్లు తెరిచిన ఆ ఎలుకపిల్లకు ఏం ఒరిగిందో నాకు తెలియదు గానీ, పిల్లలకు ముందే యుక్తవయసు వస్తే ఏమవుతుందో తెలుసు. మొదట్లో క్లాసులో అందరికన్నా పొడుగ్గా కనిపిస్తారు. మేము వెనక బెంచీకి పంపిస్తాం. 'పెద్దదానివి, నీకు తెలియదా' అంటాం. కానీ అదే హార్మోన్ ఎముకల చివర్లు త్వరగా మూసుకుపోయేలా చేస్తుంది. చాలా ముందుగా వచ్చినవాళ్లు చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చు. ఒళ్లు పెద్దదైనంత మాత్రాన మనసు పెద్దది కాదు. పదేళ్ల పిల్లకు పదేళ్ల మనసే ఉంటుంది. ఆ పిల్లను పెద్దమనిషి అని పిలవడం మన భాషలో అలవాటు, సరే. కానీ ఆ మాటను నమ్మేసి, రాత్రికి రాత్రి పెద్దదాన్ని చూసినట్టు చూడటం మన తప్పు.

నేను నిలబెట్టిన అబ్బాయి

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. ఇక్కడికి రాకముందు నేను వేరే ఒక స్కూల్లో పనిచేశాను. తొమ్మిదో తరగతి మొదటి పీరియడ్ నాది. ఒక అబ్బాయి రోజూ నిద్రపోయేవాడు. ఒకరోజు విసుగొచ్చి పీరియడ్ మొత్తం నిలబెట్టాను. "రాత్రంతా ఫోనా?" అన్నాను. క్లాసు నవ్వింది. వాడు ఏమీ అనలేదు. తర్వాత తెలిసింది, సాయంత్రం స్టడీ అవర్ అయ్యి, బస్సులో ఇల్లు చేరి, తిని పడుకునేసరికి పదకొండు. పొద్దున ఫౌండేషన్ క్లాసుకి మళ్లీ ఐదింటికి లేవాలి. ఆరు గంటల నిద్ర.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. పైగా యుక్తవయసులో ఒంట్లో గడియారమే కొంచెం వెనక్కి జరుగుతుంది. నిద్రపుచ్చే మెలటోనిన్ ఆలస్యంగా వస్తుంది. తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర రాకపోవడం, పొద్దున లేవలేకపోవడం బద్ధకం కాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2014లోనే మిడిల్, హైస్కూళ్లు ఉదయం 8:30 కన్నా ముందు మొదలుపెట్టొద్దని సూచించింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో హైస్కూళ్లకు ఇది చట్టమై, 2022 నుంచి అమల్లోకి వచ్చింది.

నిద్రకూ మన విషయానికీ సంబంధం ఏంటంటారా? చాలా దగ్గర సంబంధం ఉంది. యుక్తవయసు మొదలయ్యే రోజుల్లో ఆ జీఎన్‌ఆర్‌హెచ్ నాడీకణాలు మొదట రాత్రి నిద్రలోనే చురుగ్గా పనిచేస్తాయి. పగటి పూట తర్వాత అందుకుంటాయి. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది కూడా గాఢ నిద్రలోనే. ఆ గ్రోత్ హార్మోనే కాలేయంతో ఐజీఎఫ్-1 తయారు చేయించేది. మనం పిల్లల నుంచి లాక్కునే ఆ రెండు గంటలు మెదడుకు ఖాళీ సమయం కాదు, పని సమయం.

నేను వాడిని నిలబెట్టినప్పుడు ఇవన్నీ తెలియవు. తెలిసి ఉంటే ఏం చేసేదాన్నో కూడా చెప్పలేను, ఎందుకంటే టైమ్‌టేబుల్ నా చేతిలో లేదు. కానీ ఆ నవ్వు మాత్రం నా చేతిలోనే ఉంది. అది నేను తెప్పించిందే.

ఇది మా టీచర్లకూ మేనేజ్‌మెంట్లకూ ఎంత వర్తిస్తుందో, 'ఇంకో గంట చదివించండి మేడమ్' అని అడిగే తల్లిదండ్రులకూ అంతే వర్తిస్తుంది. ఇంటర్ పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పొద్దున తినకుండా పరిగెత్తడం, బరువు తగ్గిపోవడం, పరీక్షల ఒత్తిడి కలిస్తే ఆ నాడీకణాలు మళ్లీ మౌనంగా అయిపోవచ్చు. హాస్టల్లో ఉన్న అమ్మాయికి నెలల తరబడి నెలసరి ఆగిపోతే, 'చదువు టెన్షన్‌లే' అని వదిలేయకండి. టెన్షనే కావచ్చు. అయినా అది ఒళ్లు చేస్తున్న ఫిర్యాదే.

"ఇప్పుడే చెబితే లేనిపోని ఆలోచనలు..."

మన పుస్తకాల్లో కౌమార దశ పాఠం ఎనిమిదో తరగతిలో ఉంది. అప్పటికి పిల్లలకు 13 ఏళ్లు. చాలామంది ఆడపిల్లలకు ఆ పాఠం చెప్పేనాటికి ఆ అనుభవమే అయిపోయి ఉంటుంది. వాన వెలిశాక గొడుగు ఇచ్చినట్టు. పైగా చాలా స్కూళ్లలో ఆ పాఠం వచ్చేసరికి 'ఇంట్లో చదువుకోండి' అంటారు. నేనూ ఒకసారి అన్నాను.

మన స్కూల్లో ఐదు, ఆరు తరగతుల్లోనే, విద్యా సంవత్సరం మొదటి నెలలో, ఈ విషయం మీద రెండు పీరియడ్లు పెట్టాలని నా అభిప్రాయం. ఒకటి ఆడపిల్లలకు, మగపిల్లలకు విడిగా, మొహమాటం లేకుండా ప్రశ్నలు అడగడానికి. ఇంకోటి కలిపి. ఎందుకంటే ఆడపిల్ల యూనిఫామ్ మీద మరక చూసి నవ్వే అబ్బాయికి ఎవరూ చెప్పలేదు కాబట్టే నవ్వుతాడు. గొంతు చీలిన అబ్బాయిని చూసి నవ్వే అమ్మాయికీ అంతే.

ఈ మాట స్టాఫ్ రూమ్‌లో అంటే ఒక సీనియర్ మేడమ్, "పేరెంట్స్ గొడవ చేస్తారమ్మా" అన్నారు. ఒక నాన్నగారు నాతో నేరుగానే అన్నారు, "ఇప్పుడే చెబితే లేనిపోని ఆలోచనలు వస్తాయి మేడమ్." ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పిల్లలు ఫోన్లలో ఏం చూస్తున్నారో తెలియని రోజులివి. పిల్లల బాల్యాన్ని ఇంకో ఏడాది కాపాడుకోవాలని ఏ తండ్రికైనా ఉంటుంది. కానీ ఆయన్ని నేను ఒకటే అడిగాను. "సార్, ఆ ఆలోచనలు మనం ఆపగలమా, లేక ముందు మనం చెప్పగలమా?" మెదడులో ఆ కణాలు మన అనుమతి కోసం ఆగవు. కాలేయం నుంచి, పక్కనున్న కణాల నుంచి కబురు అందగానే పని మొదలుపెడతాయి. మనం చెప్పకపోతే యుక్తవయసు ఆగదు, మన మీద నమ్మకం మాత్రం ఆగిపోతుంది. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "మా ఆవిడతో మాట్లాడతాను" అన్నారు. అది చాలు నాకు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

ఇవి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఆడపిల్లల్లో 8 ఏళ్లు నిండకముందే, మగపిల్లల్లో 9 ఏళ్లు నిండకముందే యుక్తవయసు మార్పులు కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఆడపిల్లల్లో 13 ఏళ్లు దాటినా ఛాతీ ఎదుగుదల మొదలుకాకపోతే, 15 దాటినా నెలసరి రాకపోతే, మగపిల్లల్లో 14 దాటినా ఏ మార్పూ లేకపోతే చూపించండి.

మార్పులు చాలా వేగంగా వస్తున్నా, తలనొప్పి, చూపు మసకబారడం లాంటివి తోడైనా ఆలస్యం చేయకండి.

చాలామందికి ఏ చికిత్సా అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. చాలా ముందుగా వచ్చినవాళ్లకు కావాలంటే ఆపే మందు ఉంది. అది కూడా జీఎన్‌ఆర్‌హెచ్ లాంటిదే. ఆ హార్మోన్ గంటకో గంటన్నరకో ఒకసారి కొంచెం కొంచెంగా వస్తేనే పిట్యూటరీ వింటుంది. ఆగకుండా వస్తూ ఉంటే వినడం మానేస్తుంది. ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త 1970ల చివర్లో కోతుల మీద దీన్ని చూపించాడు. దాని ఆధారంగానే ఈ వైద్యం నడుస్తోంది. ఈ విషయం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆగకుండా చెబుతూనే ఉంటే వినడం మానేయడం పిట్యూటరీ ఒక్కదాని లక్షణం కాదు, మా తొమ్మిదో తరగతిదీ అదే.

చివరిగా

ఆ పాప పన్నెండో రోజు స్కూలుకి వచ్చింది. వాళ్లమ్మ డాక్టరుకు చూపించారు. పదేళ్లు దాటాయి కాబట్టి కంగారు లేదు, ఎత్తు, బరువు గమనిస్తూ ఉండమన్నారట. ఇంట్లో ఫంక్షన్ చేశారు, పట్టు లంగా కట్టారు, ఫొటోలు తీశారు. ఆ సంబరాన్ని నేను తప్పు పట్టను, పిల్లకు ఇష్టమైతే. కానీ పిల్లకు ఏం జరుగుతోందో చెప్పకుండా, ఊరందరికీ మాత్రం చెప్పడం నాకు అర్థం కాదు.

లంచ్ బ్రేక్‌లో ఆ పాప నా దగ్గరికి వచ్చింది. చాలాసేపు స్కేలుతో ఆడుకుంటూ నిలబడి, అడిగింది.

"మిస్, నేనింక ఖోఖో ఆడకూడదా?"

పదకొండు రోజులు మూల కూర్చున్న ఆ పిల్ల మనసులో తిరిగిన ప్రశ్న అది. కొన్ని వేల కణాలు, పది అమైనో ఆమ్లాలు, నేను చదివిన గ్రోత్ ఫ్యాక్టర్లు ఏవీ ఆ క్షణంలో అక్కర్లేదు. "ఆడొచ్చు నాన్నా, ఎప్పటిలాగే ఆడొచ్చు" అని చెప్పి, పీఈటీ సార్ దగ్గరికి తీసుకెళ్లాను. టీమ్ లిస్టు అప్పటికే పంపించేశారు. ఈ ఏడాది సబ్‌స్టిట్యూట్‌గా ఉంది. ఆ పదకొండు రోజులకు ఆ పిల్ల కట్టిన మూల్యం అది.

మీకు నా అభ్యర్థన ఇది. మీ అమ్మాయి పెద్దదైతే జ్వరం అని రాయకండి. రాయడం ఇబ్బందిగా ఉంటే ఒక్క ఫోన్ చేయండి, విషయం నా దగ్గరే ఉంటుంది. ఒకటి రెండు రోజులు చాలు, స్కూలుకి పంపించండి. గర్ల్స్ రెస్ట్‌రూమ్‌లో ప్యాడ్లు, వేడి నీళ్ల బ్యాగు, ఒక జత యూనిఫామ్ పెట్టమని నేను ప్రిన్సిపల్ మేడమ్‌ను అడిగాను. ఐదు, ఆరు తరగతులకు ఆ రెండు పీరియడ్లు కావాలో వద్దో డైరీలో ఒక్క మాట రాసి పంపండి. వద్దనుకుంటే ఎందుకు వద్దో కూడా రాయండి, చదువుతాను. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీట్లు కొంచెం పక్కన పెట్టి కూర్చుంటాను. వెనక బెంచీలో అందరూ వెళ్లేదాకా ఆగాల్సిన పని లేదు.